సోమవారం చెస్ట్, మళ్లీ సోమవారమే చెస్ట్: ఈ చార్టు మీద పేచీ ఎందుకు?

ఒక్కో కండరానికి వారానికి ఒకసారి సరిపోతుందా, రెండుసార్లు చెయ్యాలా? విశాఖ జిమ్‌లలో ఈ పేచీ మళ్లీ మొదలైంది. ఎంవీపీ కాలనీ వెళ్లినా, గాజువాక వెళ్లినా ఎక్కువగా వినిపించేది ఒకటే వరస: సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, తర్వాత షోల్డర్స్, ఆర్మ్స్, చివరికి శుక్రవారం లెగ్స్. శనివారం కార్డియో, అంటే చాలామందికి సెలవే. కొత్తగా వచ్చిన ట్రైనర్లు ఆ చార్టు తీసేయమంటున్నారు. పాత కోచ్‌లు ససేమిరా అంటున్నారు.

మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడి దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఉత్తరాంధ్రలో ఆ కథ తెలియనివాళ్లు తక్కువ. అసలు మలుపు 1995లో, కెనడాలో వచ్చింది. మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరుగురు కుర్రాళ్ల చేత ఒక చేత్తోనే 12 సెట్ల (సెట్ అంటే ఆపకుండా వరసగా బరువెత్తే ఒక విడత) బైసెప్స్, అంటే జబ్బ కండ వ్యాయామం చేయించి, రెండో చేతిని ఊరికే వదిలేశారు. పనిచేసిన కండరంలో కొత్త ప్రోటీన్ తయారయ్యే వేగం (కండ పెరిగేది దీంతోనే) 24 గంటలకు 109 శాతం పెరిగింది. 36 గంటలకల్లా దాదాపు మామూలుకి వచ్చేసింది. జిమ్ అలవాటు లేనివాళ్లలో ఇది 48 గంటల దాకా సాగుతుందని 1997లో మరో అధ్యయనం చూపించింది.

సోమవారం సాయంత్రం బెంచ్ ప్రెస్ (పడుకుని బరువు పైకి నెట్టే చెస్ట్ వ్యాయామం) కొట్టినవాడి సంగతి చూడండి. ఎంత సాగినా బుధవారం సాయంత్రానికి ఆ ప్రోటీన్ పని ముగిసినట్టే. చార్టు మాత్రం ఇంకో అయిదు రోజులు ఆగమంటుంది.

వారానికి ఒకసారి చెయ్యడమే పాత పద్ధతి అనేవాళ్లకి ఒక మాట: 1970ల్లో బాడీబిల్డర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఒక్కో భాగాన్ని వారంలో రెండు మూడుసార్లు చేసేవాడు.

2016లో అమెరికా పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, కండ పెరగడానికి ఒకసారి కంటే రెండుసార్లు మేలని తేల్చింది. పాత కోచ్‌లు అదే బృందం 2019లో రాసింది చూపిస్తారు: వారం మొత్తం సెట్లు సమానమైతే తేడా పెద్దగా ఉండదని. నిజమే. కానీ ఆ సమానం కాగితం మీద కుదిరినంత తేలిగ్గా జిమ్‌లో కుదరదు. ఒకే పూట చెస్ట్‌కి 12 సెట్లు పెట్టుకుంటే చివరి మూడు నాలుగు సెట్లు మొక్కుబడిగానే సాగుతాయి. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు మారి ఒక్క సోమవారం పోతే, చెస్ట్‌కి మళ్లీ వంతు వచ్చేసరికి 14 రోజులు. అదే 12 సెట్లని సోమ, గురువారాల్లో ఆరేసి చేస్తే, ఒక పూట పోయినా రెండోది మిగులుతుంది.

ఇక కొత్తగా చేరేవాళ్లకి వారానికి 2, 3 రోజులే, ప్రతిసారీ ఒళ్లంతా చేయించమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లోనే చెప్పింది. ఇక్కడ ఫీజు కట్టిన రోజే వాళ్ల చేతిలోనూ ఆ సోమవారం చెస్ట్ కార్డే పెడుతున్నారు.