అద్దెకున్నవాళ్ల గొడవకి ఓనర్ బాధ్యుడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్నామధ్య కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వాళ్ల పై ఫ్లాట్‌ని ఎవరో రోజు అద్దెకి తిప్పుతున్నారట. శుక్రవారం వచ్చిందంటే రాత్రి రెండింటిదాకా పాటలు, కేకలు, తెల్లారేసరికి లిఫ్ట్‌లో వాంతులు. ఫోన్‌లో 43 వీడియోలు చూపించారు. "ఓనర్‌కి ఎప్పుడైనా రాసి పంపారా సార్?" అని అడిగితే, "ఆయన అమెరికాలో ఉంటాడండీ, అయినా వాట్సాప్ గ్రూపులో అందరం తిట్టాం కదా" అన్నారు. అద్దె కేసులు చూసే లాయర్‌ని కాబట్టి ఈ జవాబు నాకు అలవాటే.

అపోహ: ఇల్లు ఆయనది, కాబట్టి బాధ్యత కూడా ఆయనదే.

అంత సులువు కాదు. అద్దెదారు అల్లరి చేసినంత మాత్రాన ఓనర్ దోషి అయిపోడు. దానికి ఆయన ఒప్పుకున్నాడనో, గొడవ తప్పదని తెలిసే ఇచ్చాడనో చూపించాలి. పార్టీలకని టెర్రస్ అద్దెకిచ్చి, డీజే పెడతారని నాకేం తెలుసంటే చెల్లదు. సంసారం చేసుకుంటారని ఇస్తే వాళ్లు తాగి తన్నుకోవడం వేరే సంగతి.

అపోహ: అయితే ఓనర్‌కి సంబంధమే లేదు.

ఓనర్లకి బాగా ఇష్టమైన మాట ఇది. నేరం దాకా వస్తే మాత్రం ఆయనకి తెలుసా, తెలియదా అన్నదాని మీదే అంతా నడుస్తుంది. మనం పీటా అని పిలిచే 1956 నాటి చట్టంలో, వ్యభిచారానికని తెలిసి ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్‌కి మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అందులో ఒక మెలిక ఉంది. సోదాలో విషయం బయటపడిందని ఓనర్ ఉండే ఊళ్లో చదివే పేపర్లో వచ్చినా, దొరికిన వస్తువుల జాబితా కాపీ ఆయన చేతికిచ్చినా, ఆయనకి తెలుసనే కోర్టు భావిస్తుంది. తెలియదని నిరూపించుకునే భారం ఆయనదే. మత్తుమందుల కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ ఇంకా గట్టిది. తెలిసీ ఇంటిని వాడుకోనిస్తే, ఆ నేరం చేసినవాడికి ఏ శిక్షో ఓనర్‌కీ అదే.

అందుకే కాలనీ వాళ్లకి నేను చెప్పేది, "నాకు తెలియదు" అనే సందు మూసేయమని. తేదీ, టైమ్, ఫ్లాట్ నంబరు, ఏం జరిగింది, పోలీసులకి ఫోన్ చేశారా, వచ్చారా. ఇంతే రాయండి. "ఆ అమ్మాయిల వాలకం బాగోలేదు" లాంటి వాక్యాలు పెడితే పరువునష్టం దావా మీ మెడకే చుట్టుకుంటుంది. స్పీడ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. ఓనర్ డాలస్‌లో ఉంటే, ఇక్కడ జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం) పట్టుకుని తిరిగే బావమరిదికి ఇంకొకటి.

అపోహ: టైమ్‌కి అద్దె కట్టేవాణ్ని ఖాళీ చేయించలేం.

తెలంగాణలో నడుస్తున్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షన్ చదవండి. అదే బిల్డింగ్‌లో ఉన్నవాళ్లకి గానీ చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి గానీ న్యూసెన్స్‌గా తయారైన అద్దెదారుని ఖాళీ చేయించమని ఓనర్ అడగొచ్చు. పక్కింటివాళ్ల బాధని అప్పుడే లెక్కలోకి తీసుకున్నారు! చిక్కల్లా సాక్ష్యం దగ్గరే. గ్రూపులో రోజూ గోల పెట్టే ఇరవై మందిలో బోనెక్కడానికి వచ్చేది ఒక్కరు, ఆయనా రిటైర్డ్ టీచర్.

అద్దె ఎక్కువున్న ఇళ్లు ఈ చట్టం కిందికి రావు. ఐటీ కారిడార్ ఫ్లాట్లలో చాలావాటి సంగతి ఇదే. అక్కడ నెలవారీ అద్దె అయితే, అగ్రిమెంట్‌లో వేరే మాట లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. గొడవ జరిగిందని నిరూపించాల్సిన పని కూడా లేదు. కాబట్టి "నా చేతిలో ఏముందండీ" అనే ఓనర్‌ని నేను నమ్మను.

"కరెంటు పీకేస్తే వాళ్లే పోతారు" అనేది అపోహ కూడా కాదు, ఆవేశం. అసోసియేషన్ చేసినా, ఓనర్ చేసినా, మర్నాటి నుంచి బాధితుడు అద్దెదారే.

అపోహ: రాత్రి పదింటిదాకా ఎంత సౌండైనా పెట్టుకోవచ్చు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి పగలు కూడా హద్దు ఉంది, 55 డెసిబెళ్లు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45.

ఇక బ్యాచిలర్లకి ఇవ్వకపోతే గొడవే ఉండదనేవాళ్లు. నేను చూసిన అన్నింటికంటే మొండి కేసులో ఇంట్లో ఉన్నది అత్తా కోడళ్లు, ఒక కుక్క.

కూకట్‌పల్లి పెద్దాయన రెండోసారి వచ్చినప్పుడు గీతల నోట్‌బుక్ తెచ్చారు. ఆరు శుక్రవారాలు, ఒక్కోదానికి టైమ్, పక్కన వాచ్‌మన్ సంతకం. దాన్నే లెటర్‌గా మార్చి పంపాం. పదకొండో రోజు అమెరికా నుంచి ఫోన్. "రోజు అద్దెకిస్తున్నారని నాకు తెలీదండీ, నెలనెలా అద్దె పడుతోంది కదా అనుకున్నా" అన్నాడు. నిజమే కావచ్చు. అగ్రిమెంట్ పంపమన్నాను. ఇంకొకరికి అద్దెకివ్వకూడదని మూడో పేరాలోనే ఉంది, కింద ఆయన సంతకంతో సహా.