'ప్ప' పోయిన పాసుపుస్తకం

మా నాయన పేరు చివర 'ప్ప' ఉంది. అనంతపురం పల్లెల్లో ఆ తోక లేని మగవాళ్ల పేర్లు వెతుక్కోవాలి. కరణం చేతిరాతతో ఉన్న పాత అడంగల్‌లో, అంటే ఏ చేను ఎవరిదో రాసే ఊరి పుస్తకంలో, ఆ అక్షరం చక్కగా కనిపిస్తుంది. కంప్యూటర్లోకి ఎక్కేటప్పుడు ఎక్కడో రాలిపోయింది. ఆధార్‌లో మళ్లీ వచ్చి చేరింది. దాంతో భూమి ఉన్న మనిషి వేరు, ఆధార్ ఉన్న మనిషి వేరు అని సిస్టమ్ తేల్చేసింది. ఆ ఒక్క అక్షరం కోసం ఒక మండల ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగాను. దరఖాస్తు పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. రసీదు అప్పటికప్పుడే చేతిలో పెట్టారు, ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. మిగతా ఏడాదిన్నర రసీదుకూ రికార్డుకూ మధ్య గడిచింది.

2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. సర్టిఫికెట్లకు, బిల్లులకు అది బాగా పనికొస్తోంది, కాదనను. భూమి దగ్గరికి వచ్చేసరికి మాత్రం జనం ఇంకా ఫైలు సంచి చంకన పెట్టుకుని ఆఫీసుకే పోతున్నారు. ఎందుకో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అలా ఇచ్చిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి 1807 దాకా ఉన్నాడు. చేనుచేనూ కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతే నేరుగా శిస్తు కట్టే రైతువారీ పద్ధతిని ఇక్కడ నడిపించింది ఆయనే. చేనుకొక నంబరు, నంబరుకొక పేరు. వినడానికి తేలికే. కానీ ఆ పేరు రాసే కలం ఊళ్లో ఒక్కరి చేతిలోనే ఉండేది. కరణీకం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. లెక్కల కట్టలు కరణం ఇంట్లోనే పెట్టెలో ఉండేవి. ఎవరి చేను ఎవరిదో తెలియాలంటే ఆ గడప తొక్కాల్సిందే.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణాలు, మునసబుల పదవులను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక్క మా జిల్లాకే 63. ఊరి పెట్టె మండలానికి చేరింది. అయితే అన్ని ఊళ్లలో అన్ని పుస్తకాలూ చేతికి రాలేదని, వచ్చినవాటిలోనూ చెదలు తిన్నవి ఉన్నాయని పెద్దోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కరణం ఏం దాచాడో పక్కన పెడదాం. ఆయన తలలో ఉన్న విషయం మాత్రం ఆయనతోనే పోయింది. ఫలానా సర్వే నంబర్లో అన్నదమ్ములు నోటిమాటతో గట్టు ఎక్కడ వేసుకున్నారో ఏ పుస్తకంలోనూ ఉండదు కదా.

కంప్యూటర్ మొదట అడుగు పెట్టింది రిజిస్ట్రేషన్ ఆఫీసులో. 1998 నవంబర్‌లో 'కార్డ్' అనే పథకం మొదలైంది. అప్పటిదాకా దస్తావేజును లావుపాటి వాల్యూముల్లోకి చేత్తో ఎక్కించేవాళ్లు. ఆస్తి మీద ఏ అమ్మకాలు, అప్పులు రాసి ఉన్నాయో చెప్పే ఈసీ కావాలంటే ఆ పుస్తకాలు తిరగేసేదాకా ఆగాలి. కార్డ్ వచ్చాక అవన్నీ నిమిషాల పనులయ్యాయి. మంచిదే. చిక్కు ఎక్కడంటే, మన దేశంలో రిజిస్టర్ అయ్యేది దస్తావేజు, హక్కు కాదు. అమ్మేవాడు 'ఇది నాది' అంటే, కొనేవాడు సరే అంటే రాసుకున్నారు. ఆ మాట నిజమో కాదో చెప్పాల్సిన అడంగల్, ఒక్కో పట్టాదారుకు ఏ భూములున్నాయో రాసే 1-బి పక్క శాఖలో వేరే బీరువాలో ఉన్నాయి.

ఆ వెంటనే హైదరాబాద్‌లో 1999లో 'ట్విన్స్', 2001లో 'ఈసేవ' వచ్చాయి. ఏసీ గది, టోకెన్, కరెంటు బిల్లు, నీటి బిల్లు. మా టౌన్లకూ తర్వాత పాకింది. అవి డబ్బు వసూలు చేసే సేవలు గనుక అంత నున్నగా నడిచాయన్నది నా అనుమానం.

పల్లె మనిషికి కంప్యూటర్‌తో అసలు పని పడింది ఉపాధి కూలి దగ్గర. దేశానికంతటికీ ఆ పథకం మొదలైంది మా జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, మండలానికి పోవాలి, అక్కడ కంప్యూటర్లో ఎక్కాలి, అప్పుడే కూలి. 'నా పేరు ఎక్కిందా' అన్న మాట ఊళ్లలో అప్పటి నుంచే వాడుకైంది. చేసిన పని కన్నా ఎక్కిన పేరు ముఖ్యమైంది.

2011 నవంబర్‌లో చిత్తూరు జిల్లాలో మొదలై 'మీసేవ' రాష్ట్రమంతా వచ్చింది. డిజిటల్ సంతకం వల్ల తహసీల్దారు సీట్లో ఉన్నా లేకపోయినా కాగితం వస్తుంది. సేవలను రెండు రకాలుగా విడదీశారు. ఇప్పటికే కంప్యూటర్లో ఉన్నది ప్రింట్ తీసి ఇచ్చేది కేటగిరీ ఎ. మనిషి వెళ్లి చూసి తేల్చాల్సింది కేటగిరీ బి. మొత్తం కథ ఈ రెండు అక్షరాల్లోనే ఉంది. అడంగల్ నకలు ఎ కింద పావుగంటలో వస్తుంది. అందులో తప్పుంటే దిద్దడం బి. అంటే తప్పు పావుగంటలో చేతికొస్తుంది, ఒప్పు కోసం తిరగాలి.

ఆ తప్పులు ఎలా పడ్డాయి? పాత అడంగళ్లను చూసి కూలి లెక్కన టైపు చేసినప్పుడు కొన్ని. 2015లో 'మీభూమి' వచ్చి ఎవరి రికార్డు వాళ్లు ఇంట్లోనే చూసుకోగలిగాక చాలామందికి తమ పొలం పక్కోడి పేరున ఉందని తెలిసింది. కొన్ని తప్పులు ఇంకా పాతవి. బ్రిటిష్ కాలంలో శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు ఎవరో తేలనిచోట పేరుకు బదులు చుక్కలు పెట్టారు. అవే చుక్కల భూములు. నూరేళ్ల తర్వాత ఆ చుక్కలు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలోకి, అంటే 22-ఎ నిషేధిత జాబితాలోకి, ఎక్కాయి. తాత నాటి నుంచి వేరుశనగ వేస్తున్న చేను అమ్మబోతే స్క్రీన్ మీద 'కుదరదు' అని వచ్చింది. పన్నెండేళ్లు అనుభవంలో ఉంటే సరిచేయొచ్చని 2017లో చట్టం చేశారు. 2023లో సుమారు 2 లక్షల ఎకరాలను జాబితా నుంచి తీశారు. ఎప్పుడో ఒక గుమాస్తా పెట్టిన చుక్క చెరపడానికి రెండు ప్రభుత్వాలు పట్టింది.

ఇక్కడ రువాండా మాట చెప్పాలి. ఆఫ్రికాలో చిన్న పేద దేశం. వైశాల్యం 26 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు; 19 వేలున్న మా పాత జిల్లా కన్నా కొంచెం పెద్దది. వాళ్లు 2015లో 'ఇరెంబో' అనే ఆన్‌లైన్ పోర్టల్ తెచ్చారు. దానికి ముందే, 2013 లోపు, ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇరుగుపొరుగు ముందర గట్లు చూపించి కోటి పైగా భూఖండాలు నమోదు చేశారు. ముందు పుస్తకం, తర్వాత కౌంటరు. అక్కడా ఫోన్ వాడటం రానివాళ్లు ఏజెంట్ల దగ్గరికి పోతారు, అదేమీ స్వర్గం కాదు. కానీ వరుస మాత్రం మనకు తలకిందులు. మన దగ్గర కౌంటరు మెరిసింది, పుస్తకం అట్లే ఉండిపోయింది.

ఇంకొక తలకిందులు వేలిముద్ర. మా అవ్వ కాలంలో నిశాని అంటే చదువు రానివాళ్ల సంతకం, కాస్త నామోషీ. ఇప్పుడు చదువుకున్నోళ్లూ నిశానీలే. 2015 నుంచి రేషన్ షాపుల్లో ఈపాస్ మిషన్లు వచ్చాయి. చెనక్కాయలు వలిచి వలిచి వేళ్లు నున్నబడిన ఆడవాళ్లు దాని ముందు పడే తిప్పలు చూడాలి. 'ఏలు పడలేదవ్వా, ఇంగొకటి పెట్టు' అంటాడు డీలరు. ఆమె చీర కొంగుతో తుడుచుకుంటుంది, ఉఫ్ అని ఊదుతుంది, పది వేళ్లూ వరసగా పెడుతుంది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో డీలరుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మిషన్‌కు తెలియదు.

2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. యాభై ఇళ్లకొక వాలంటీరు కూడా ఉన్నాడు, 2024 దాకా. ఊళ్లోనే డిజిటల్ అసిస్టెంట్ ఉండటం చిన్న విషయం కాదు, మండలానికి బస్సు చార్జీ మిగిలింది. 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో గట్లు కొలిచే రోవర్లు పొలాల్లోకి దిగాయి. బ్రిటిష్ కాలపు సర్వేల తర్వాత చేను దగ్గరికే పోయి పుస్తకం మార్చే పని ఇంత పెద్దగా తలపెట్టింది ఇప్పుడే. ఆలస్యమైనా సరైన చోట చెయ్యి పెట్టారనే అనుకుంటాను. విస్తీర్ణాలు తగ్గాయని గొడవలు, పాసుపుస్తకం మీద ఫొటో ఎవరిదన్న రాజకీయం, 2024లో భూహక్కు చట్టం రద్దు, అదంతా వేరే కథ.

మా ఊరికీ రీసర్వే వచ్చింది. నాయన కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి ఇది మాది అని చూపించాడు. పక్క చేను ఆయన ఔనన్నాడు. కొత్త పుస్తకంలో 'ప్ప' వచ్చింది. ఇంటిపేరు పొడి అక్షరం మాత్రం మారింది. మళ్లీ దరఖాస్తు పెట్టాను, ఈసారి మండలానికి పోకుండా మా సచివాలయంలోనే. రసీదు వెంటనే ఇచ్చారు.