నృత్య వేదిక మీద త్రీడీ బొమ్మలు: అపోహలు, వాస్తవాలు

కూచిపూడి రూపకాలకు ప్రొజెక్షన్ కావాలని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది "హోలోగ్రామ్ పెడదామండీ" అనే.

అపోహ: బొమ్మ గాలిలో నిలబడుతుంది.
వాస్తవం: వెలుగు పడటానికి ఏదో ఒక తెర ఉండాల్సిందే. 2012లో అమెరికాలోని కోచెల్లా వేదిక మీద, అప్పటికే చనిపోయిన ర్యాపర్ టుపాక్ కనిపించింది వాలుగా బిగించిన పారదర్శకమైన పొరలోని ప్రతిబింబంగా. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ గాజు పలకతో దయ్యాన్ని చూపించిన కిటుకే అది. ఇందులో పొర వెనక ఆడే నర్తకి ఎంత ముందుకొచ్చినా బొమ్మ ఆమె వెనక్కి పోదు, ఆమె మీదుగానే కనిపిస్తుంది. నృత్యం కూర్చేటప్పుడే ఇది లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: పెద్ద ప్రొజెక్టర్ తెస్తే చాలు.
వాస్తవం: నలుపును వెయ్యడం ప్రొజెక్టర్ వల్ల కాదు, అది వెలుగునే వేస్తుంది. ఎన్ని ల్యూమెన్లున్నా (ల్యూమెన్ అంటే వెలుగుకు కొలత), ఫ్రంట్ లైట్ తెర మీద పడిందంటే బొమ్మ వెలిసిపోతుంది. 1999లో అమెరికన్ నృత్యదర్శకుడు మెర్స్ కనింగ్‌హామ్ తన నృత్యం 'బైపెడ్'లో నర్తకుల ముందు పల్చటి జాలీ తెర కట్టి, దాని మీద మోషన్ క్యాప్చర్‌తో, అంటే మనుషుల కదలికల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, చేసిన బొమ్మలు వేశారు. అవి నర్తకుల మధ్యే తేలుతున్నట్టుంటాయి. అలా కనిపించాలంటే వెలుగు మనుషుల మీదే పడాలి, తెరకు తగలకూడదు. అందుకే వేదికకు రెండు పక్కలా ఉండే వింగ్స్‌లోంచి పక్క లైట్లు వేస్తాం.

కూచిపూడికి చిక్కంతా ఇక్కడే. పక్క లైట్లలో అంగవిన్యాసం అందంగా ఉంటుంది గానీ ముఖం సగం చీకట్లో పడిపోతుంది. భామాకలాపంలో సత్యభామ కళ్లు కనబడకపోతే ఎన్ని బొమ్మలుండి ఏం లాభం? పైగా జాలీ తెర ముఖం మీద పొగలా అడ్డుపడుతుంది. అభినయం మొదలయ్యేసరికి నేను తెరను పైకి లాగించి ముఖానికి లైటిస్తాను. ఇంత ఖర్చు పెట్టాం, బొమ్మ చివరిదాకా ఉండాలని నిర్వాహకులు పట్టుబట్టినా ఒప్పుకోను.

అపోహ: కళ్లద్దాలు లేకుండా త్రీడీ లేదు.
వాస్తవం: ముందొక తెర, వెనకొకటి, మధ్యలో మనిషి ఉంటే లోతు దానంతటదే వస్తుంది. కళ్లద్దాలతో చూస్తే, వెనక తెర మీద ఉండి నర్తకి కన్నా ముందుకొచ్చినట్టున్న బొమ్మకు ఆమె దేహమే అడ్డొస్తుంది. కళ్లు తికమకపడతాయి.

అపోహ: వీడియో ఒకసారి తయారైతే ప్లే నొక్కడమే.
వాస్తవం: నట్టువాంగం, అంటే నర్తకిని నడిపించే తాళాల వాయింపు, ప్రతిసారీ ఒకే కాలంలో నడవదు. వీడియోను చిన్న ముక్కలుగా కోసి, తర్వాతి క్యూ (ముక్క మార్చాల్సిన సంకేతం) వచ్చేదాకా ఒక్కో ముక్క తిరుగుతూ ఉండేలా చేస్తాం. ఆపరేటర్‌కు తాళాలు వినబడాలి, ఆ తాళాలు వేసే నట్టువనారు కనబడాలి. ఒక్క రిహార్సల్ అయినా పూర్తి ఆహార్యంతో చేయండి. జరీ, నగలు ప్రొజెక్టర్ వెలుగుకు ఎక్కడ మెరుస్తాయో అప్పటిదాకా తెలియదు.