డేగను మాడిస్తేనే వేటాడుతుందా? డేగ వేట మీద అపోహలు - వాస్తవాలు

గల్ఫ్‌లో ఉండే తెలుగువాళ్లకు డేగ కొత్తేం కాదు. మజ్లిస్‌లో (అతిథుల గదిలో) దిమ్మె మీదో, విమానాశ్రయంలో ఎవరి చేతి మీదో, తలకు తోలు టోపీతో కదలకుండా కూర్చున్న పక్షిని చూసే ఉంటారు. దాని గురించి మాటలూ విని ఉంటారు: మాడబెడతారట, కళ్లు కుట్టేస్తారట, వేటాడి తెచ్చి యజమాని ముందు పడేస్తుందట. వీటిలో కొన్ని ఒకప్పుడు నిజం. కొన్ని ఏనాడూ నిజం కాదు.

ముందు పేర్ల సంగతి. మన ఊళ్లలో ఆకాశంలో గిరికీలు కొట్టే ప్రతి పక్షినీ గద్ద అనేస్తాం. సంక్రాంతి బరిలోనైతే డేగ అంటే కోడిపుంజే. గల్ఫ్‌లో వేటకు తర్ఫీదు ఇచ్చేవి ముఖ్యంగా మూడు: షాహీన్, అంటే పెరెగ్రిన్; హుర్, అంటే సేకర్; జీర్, అంటే జైర్‌ఫాల్కన్. వీటి సంకరాలూ ఎక్కువే. పొడవాటి కోసు రెక్కలు, నల్లని కళ్లు, బయలు నేలలో దూరం నుంచి తరిమి పట్టడం వీటి తీరు. మన దగ్గర కనపడే శిక్రా వేరే రకం. దానివి పొట్టి రెక్కలు, పొడవు తోక. చెట్ల సందుల్లోంచి మెరుపులా దూకుతుంది.

అపోహ: ఆకలితో మాడిస్తేనే డేగ వేటాడుతుంది

కడుపు నిండిన డేగ వేట మీద మనసు పెట్టదు, అది నిజమే. కానీ మాడిన డేగా వేటాడలేదు. షాహీన్ పైనుంచి దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ఎదకండ కరిగిపోయిన పక్షికి ఆ దూకుడు నుంచి మళ్లీ పైకి లేచే శక్తే ఉండదు. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి గీతనే ‘ఎగిరే బరువు’ అంటారు. ఈ విద్యంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆ గీత తెలిసేది త్రాసు మీదే. గ్రాముల్లో చూపే ఎలక్ట్రానిక్ త్రాసుకు చిన్న దిమ్మె బిగించి, రోజూ ఒకే వేళకు, మేత పెట్టకముందు తూచాలి. మెడ దగ్గరి సంచిలో నిన్నటి మేత మిగిలి ఉంటే ఆ తూకం లెక్కలోకి రాదు. టోపీ, కాలిపట్టీలు, జాడ తెలిపే ట్రాన్స్‌మిటర్ ఏవి ఉంచి తూచారో రోజూ అవే ఉంచాలి. లేకపోతే వస్తువుల బరువులో తేడాను పక్షి బరువులో తేడా అనుకుని మేత మార్చేస్తారు. తూచిన వెంటనే నోటు పుస్తకంలో నాలుగు విషయాలు రాయాలి: బరువు, తిన్న మేత గ్రాముల్లో, పిలిస్తే ఎంత చురుగ్గా వచ్చింది, ఆ రోజు ఎండా చలీ గాలీ ఎలా ఉన్నాయి.

కిలో బరువుండే ఆడ షాహీన్‌లో 20, 30 గ్రాముల తేడాకే పక్షి తీరు మారిపోతుంది. 200 గ్రాముల కెస్ట్రెల్ అనే చిన్న డేగకైతే 5 గ్రాములు చాలు. కొత్త పక్షి స్థిమితపడి బాగా తిన్నాక, మేత రోజూ కాస్త కాస్త తగ్గిస్తూ వస్తే, ఒక తూకం దగ్గర అది తడబాటు లేకుండా చేతి మీదికి దూకుతుంది. ఆ అంకె రాసుకోవాలి, కానీ దాన్నే శాశ్వతం అనుకోకూడదు. రోజూ ఎగిరి కండపట్టిన పక్షి అదే చురుకు ఇంకా ఎక్కువ బరువులోనూ చూపిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు సీజన్ సాగేకొద్దీ బరువు పెంచుతూ పోతారు.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇక్కడే. పిలిస్తే రాలేదు, వెంటనే మేత కోస్తారు. రాకపోవడానికి కారణం ఎదురుగాలి కావచ్చు, పక్కనున్న కొత్త మనిషి కావచ్చు, నిన్న చేతి దగ్గర బెదిరి ఉండొచ్చు. భయానికి మందు ఆకలి కాదు. బెదిరిన పక్షికి మేత తగ్గిస్తే బెదురు పోదు సరికదా, నీరసం తోడవుతుంది. మేత కోసే ముందు ఎదమీది గట్టి ఎముకను వేళ్లతో తడమండి. రెండు పక్కలా కండ గుండ్రంగా తగలాలి. ఎముక కత్తి అంచులా తగిలితే పక్షి ఇప్పటికే ప్రమాదంలో ఉంది.

మిగతా గుర్తులూ చెప్పుకోవాలి. ఈకలు ఉబ్బించుకుని కళ్లు సగం మూసి కూర్చోవడం, ఎప్పుడు చూసినా రెండు కాళ్ల మీదే నిలబడటం (కుదుటపడ్డ డేగ ఒక కాలు పైకి ముడుచుకుంటుంది), రెట్ట ఆకుపచ్చగా పడటం. ఇలాంటి పక్షికి జాలిపడి ఒక్కసారిగా కడుపునిండా పెడితే చచ్చిపోవచ్చు. అరిగించుకునే శక్తి లేక మాంసం మెడసంచిలోనే కుళ్లిపోతుంది. వెచ్చగా ఉంచి, వైద్యుడి చేత ముందు ద్రవాలు ఎక్కించి, తర్వాత ఈక, ఎముక లేని మెత్తటి మాంసం చిన్న చిన్న ముక్కలుగా, ఎక్కువసార్లు పెట్టాలి.

అపోహ: తలకు టోపీ పెట్టడం హింస, పూర్వంలా ఇప్పటికీ కళ్లు కుడతారు

కొత్తగా పట్టిన పక్షి కనురెప్పలను దారంతో కుట్టడం ఒకప్పుడు మన దేశంలోనూ అరబ్ దేశాల్లోనూ ఉండేది. అది క్రూరమే, అందులో రెండో మాట లేదు. దాని స్థానంలోకి వచ్చిందే తోలు టోపీ. అరబ్బులు దీన్ని బుర్ఖా అంటారు.

డేగ బతుకంతా చూపు మీదే. తలుపు తెరుచుకున్నా, కారు కదిలినా ఉలిక్కిపడి చేతి మీదినుంచి తలకిందులుగా ఎగిరి పడుతుంది. అలా పదేపదే పడితే ఈకలు విరుగుతాయి, గుండె దడ ఆగదు. కళ్లకు చీకటి కమ్మగానే కుదుటపడుతుంది. హింస ఎక్కడ మొదలవుతుందంటే, టోపీ కొలత తప్పినప్పుడు. తోలు కంటికి తగలకూడదు. ముక్కు దగ్గరి కంత నోరు బాగా తెరుచుకునేంత ఉండాలి. డేగ తిన్న ఈకలు, వెంట్రుకలు ఉండలా చుట్టుకుని, సాధారణంగా మర్నాడు పొద్దున నోటి గుండా బయటికొస్తాయి. ఆ ఉండ కక్కాల్సిన పక్షికి ఇరుకు టోపీ పెట్టి వదిలేస్తే ఊపిరాడక పోతుంది.

టోపీ వెనక రెండు జతల తోలు కొసలు ఉంటాయి. ఒక జత లాగితే బిగుస్తుంది, ఇంకో జత లాగితే వదులవుతుంది. ఎడమ చేతి మీద పక్షి ఉంటుంది కాబట్టి, ఒక కొసను కుడిచేతి వేళ్లతో, రెండోదాన్ని పళ్లతో పట్టి లాగుతారు. గబుక్కున తల మీదికి తెస్తే ఆ పక్షి జన్మలో టోపీ ఒప్పుకోదు. గడ్డం కింది నుంచి నెమ్మదిగా తేవాలి. మొదటి రోజుల్లో పెట్టి, తీసి, ఒక ముక్క తినిపించాలి. టోపీ చెడగొట్టిన పక్షిని దారికి తేవడం పచ్చి పక్షికి నేర్పడం కన్నా కష్టం.

అపోహ: మచ్చిక చెయ్యడానికి ఏళ్లు పడుతుంది

మంచి చేతుల్లో మూడు నుంచి ఆరు వారాలు. మొదటి గెలుపు, పక్షి చేతి మీద కూర్చుని తల వంచి తినడం. తల వంచితే చుట్టూ చూపు తప్పుతుంది కాబట్టి, నమ్మితేనే వంచుతుంది. కొందరికి ఇది రెండు రోజుల్లో దొరుకుతుంది, కొందరికి వారం. తర్వాత దిమ్మె మీదినుంచి చేతికి ఒక అడుగు. తర్వాత మీటరు దూకుడు. ఆపైన పొడవాటి తాడు కట్టి 5, 10, 30, 50 మీటర్లు. తాడు గడ్డికీ రాళ్లకీ చిక్కుకోని చదును నేల చూసుకోవాలి. చిక్కుకుని మధ్యలో పక్షి గుంజుకుంటే కాళ్లు దెబ్బతింటాయి, నేర్చుకున్నదీ పోతుంది. పిట్ట రెక్కలు కట్టిన ఎరను, అరబ్బుల తల్వాహ్‌ను, తిప్పి పిలిచే పాఠం తాడు మీదే మొదలవుతుంది. 50 మీటర్ల నుంచి వరసగా మూడు నాలుగు రోజులు క్షణం ఆలోచించకుండా వస్తే అప్పుడు తాడు తియ్యాలి. గల్ఫ్ పందేల్లో ఇదే తల్వాహ్ వైపు 400 మీటర్లు పరుగు తీయిస్తారు.

ఎగరేసే ముందు ఒక పని మరవకూడదు. కట్టేసేందుకు చీలిక ఉన్న కాలిపట్టీలు తీసి, చీలిక లేనివి తొడగాలి. చీలిక కొమ్మకు తగులుకుంటే తప్పించుకుపోయిన పక్షి తలకిందులుగా వేలాడి చస్తుంది.

అపోహ: వేటాడి తెచ్చి ఇస్తుంది

కుక్క తెస్తుంది, డేగ తేదు. పడగొట్టిన చోటే రెక్కలు గొడుగులా కప్పి తినడం మొదలుపెడుతుంది. పరుగెత్తాల్సింది మనిషే. దగ్గరికి రాగానే వేగం తగ్గించి, వంగి, పక్కగా వెళ్లి మోకాళ్ల మీద కూర్చోవాలి. చేతి తొడుగులో మంచి మాంసం ముక్క చూపించి, అది ఇటు అడుగు వేసి తింటుండగా వేటను నెమ్మదిగా సంచిలోకి జార్చాలి. లాక్కున్నట్టు తెలిస్తే రెండోసారి మనిషి కనపడగానే వేటతో సహా ఎగిరిపోతుంది. ఈ అలవాటు ఒకసారి పడితే వదలదు. ఆ రోజు ఆశపడి ఇంకో వేటకు వదలకుండా, మొదటిదాని మీదే తినిపించడం మంచిది.

అపోహ: యజమానిని ప్రేమిస్తుంది, వదిలిపోదు

కుక్కలకూ ఏనుగులకూ ఉన్నట్టు డేగకు గుంపు లేదు, పెద్ద లేడు. దానికి మనిషి అంటే, భయం లేని, మేత దొరికే చోటు మాత్రమే. అంతకన్నా ఎక్కువ ఆశించకపోవడమే దానికి ఇచ్చే గౌరవం. బరువు ఎక్కువైన రోజు, గాలి పైకి ఎత్తిన రోజు అది వెళ్లిపోగలదు. అందుకే తోకకో వీపుకో ట్రాన్స్‌మిటర్ కట్టకుండా ఎవరూ ఎగరెయ్యరు. దాని బరువు పక్షి బరువులో 3 శాతం దాటకూడదు. తప్పిపోతే ముందు గాలి వీచే దిశలో వెతకండి. చీకటి పడితే ఆఖరి సిగ్నల్ చోటు గుర్తుపెట్టుకుని, మర్నాడు తెల్లవారకముందే తల్వాహ్‌తో అక్కడ ఉండాలి. ఆకలిగా నిద్ర లేచే ఆ వేళే తిరిగి దొరికే అవకాశం ఎక్కువ.

అపోహ: మగదే బలమైనది

డేగల్లో ఆడదే పెద్దది. షాహీన్‌లో మగది దాదాపు మూడో వంతు చిన్నగా ఉంటుంది. పెద్ద వేటకు ఆడదాన్నే ఎంచుతారు.

అపోహ: కొట్లో దొరికే ఏ మాంసమైనా చాలు

ఎముక లేని ఎర్ర మాంసం మీదే పెరిగిన పక్షికి కాల్షియం చాలదు. పిల్లలైతే ఎముకలు వంగిపోతాయి. ఈకా ఎముకా పేగూ కలిసిన మొత్తం మేత కావాలి: కౌజు పిట్ట, ఒకరోజు కోడిపిల్ల. పెద్ద షాహీన్‌కు రోజుకు సుమారు 100 నుంచి 150 గ్రాములు. పావురం పచ్చిగా పెట్టకండి. దాని నోట్లోని ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి డేగ గొంతులో తెల్లటి పొక్కులు కట్టి మింగనివ్వదు.

మేత ఎంత ముఖ్యమో దిమ్మె అంతే. నున్నటి గట్టి దిమ్మె మీద, బరువెక్కి ఎగరకుండా నెలల తరబడి కూర్చున్న పక్షికి అరికాలు చర్మం పలచబడి, చీలి, చీము పడుతుంది. కృత్రిమ గడ్డి పట్టా పరిచి, రోజూ కాళ్లు ఎత్తి చూడాలి. అరికాలి గరుకుదనం పోయి ఎర్రగా మెరిస్తే అదే మొదటి గుర్తు. ఆ దశలో దిమ్మె మార్చి ఎగరేస్తే తగ్గుతుంది, చీము పట్టాక శస్త్రచికిత్సే. 1999లో మొదలైన అబుదాబి ఫాల్కన్ ఆసుపత్రి లాంటివి అక్కడ ఉన్నాయి కాబట్టి, సీజన్‌కు ముందొకసారి పరీక్ష చేయించడం మానకూడదు.

అపోహ: రెక్క ఈక విరిగితే ఆ ఏడాది పోయినట్టే

ఒక్కో రెక్కకు పది పెద్ద ఈకలు, తోకకు పన్నెండు. విరిగినదానికి అతుకు వెయ్యొచ్చు. అందుకే వేసవిలో రాలిన ప్రతి ఈకనూ ఏ స్థానానిదో రాసి దాచుకుంటారు. విరిగిన ఈకను కాడ దగ్గర కోసి, దాచిన ఈకనూ అదే కొలతకు కోస్తారు. బొంగులా ఉన్న రెండు కాడల లోపలికి వెదురు పుల్లనో కార్బన్ ఫైబర్ పుల్లనో చెక్కి దూర్చి, జిగురుతో బిగిస్తారు. పక్క ఈకలకు అంటకుండా కింద కాగితం పెట్టాలి. ఈక వంపు వెంట్రుకవాసి తిరిగినా పక్షి ఒక పక్కకు లాగుతుంది. ఇంకా పెరుగుతున్న, లోపల రక్తం ఉన్న ఈకను మాత్రం ముట్టుకోకూడదు.

అపోహ: ఇది అరబ్బుల విద్య, మనకు తెలియదు

కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో డేగ వేట రాజుల వినోదాల్లో ఒకటి. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులోని ‘సాళువ’ అన్న మాటకు అర్థం వేటడేగే.

అపోహ: గల్ఫ్‌లో ఎవరైనా పట్టి పెంచుకోవచ్చు

ఎమిరేట్స్ 2002 నుంచి డేగలకు పాస్‌పోర్టులు ఇస్తోంది. కాలి రింగు నంబరు దానితో సరిపోవాలి. పెరెగ్రిన్, జైర్‌ఫాల్కన్ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ మొదటి అనుబంధంలో ఉన్నాయి. కాగితాలు లేకుండా సరిహద్దు దాటిస్తే అది దొంగ రవాణా. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు దారి వేరు: రాత పరీక్షలో కనీసం 80 శాతం, పక్షి ఉండే చోటుకు అధికారుల తనిఖీ, అనుభవమున్న గురువు కింద కనీసం రెండేళ్లు.

అపోహ: ఇంటి దగ్గర దొరికిన డేగను మనమే పెంచి నేర్పొచ్చు

భారతదేశంలో వీల్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద డేగను పట్టడం, పెంచడం, దానితో వేటాడటం నేరం. మొదటి షెడ్యూల్‌లోని పక్షి అయితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ప్రాణం కాపాడాలనే మంచి మనసుతో తెచ్చినా, ఇంట్లో ఉంచుకుంటే చిక్కే.

అయినా కళ్లెదుట గాయపడిన పక్షిని వదిలెయ్యమని కాదు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా, సంక్రాంతి రోజుల్లో నైలాన్ మాంజాకు రెక్కలు తెగి పడే పక్షులు ఇప్పటికీ ఉన్నాయి. దళసరి తువ్వాలు తల మీదుగా కప్పండి. గుచ్చేది ముక్కు కన్నా కాలి గోళ్లే కాబట్టి ముందు కాళ్లను పట్టుకోండి. రెక్కకు చుట్టుకున్న మాంజాను లాగొద్దు. రెండు పక్కలా కత్తిరించి, చర్మంలోకి దిగిన ముక్కను అలాగే వదలండి. కంతలు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచండి. నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం, పాలు అసలే వద్దు. పెట్టె మూసి అటవీ శాఖకు ఫోన్ చెయ్యండి, వాళ్లు వచ్చేదాకా మూత తీసి చూడకండి.