యుద్ధం సీన్లలో నిజమెంత, హంగామా ఎంత? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను విజువల్ ఎఫెక్ట్స్‌లో పనిచేస్తాను. సినిమాల్లో, వెబ్ సిరీసుల్లో యుద్ధం జరుగుతుంటే హీరో వెనకాల కనిపించే సైన్యం, దుమ్ము, బాణాలు, కూలే కోటగోడలు నా పని. గేమ్ ఆఫ్ థ్రోన్స్ లాంటి సిరీసులకు నేను పనిచేయలేదు. అయినా ఆ యుద్ధాల గురించి నాతో వాదించని చుట్టాలు లేరు. పెళ్ళి భోజనాల్లో కూడా ఒకరు "ఆ గుర్రాలు నిజమేనా బాబాయ్?" అంటారు, ఇంకొకరు "అసలు ఆ యుద్ధం ప్లానే తప్పు" అంటారు. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: డ్రాగన్లు ఎగిరే కథలో రియలిజం గురించి మాట్లాడటమే అనవసరం.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. డ్రాగన్‌ని ప్రేక్షకుడు మొదటి సీజన్లోనే ఒప్పేసుకున్నాడు. దాంతో అతనికి పేచీ లేదు. ఆ తర్వాత అతను చూసేది, ఆ లోకం పెట్టుకున్న నియమాలను ఆ లోకమే పాటిస్తోందా లేదా అని. మహాభారతంలో ఆగ్నేయాస్త్రం, వారుణాస్త్రం అంటే మనం మారు మాట్లాడకుండా నమ్ముతాం. కానీ అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఆ ఒక్క నియమాన్ని ముందే చెప్పి, దాని మీదే నిలబడ్డారు కాబట్టి ఆ ఘట్టం అంత బాధపెడుతుంది. చివర్లో ఏదో అస్త్రంతో అతను తప్పించుకుని వచ్చేసి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్ సంగతి చూడండి. మంటలంటుకున్న కత్తులతో డోత్రాకీ అనే సంచార జాతి గుర్రపుదళం చీకట్లోకి, శవసైన్యం మీదకి దూసుకెళ్తుంది. దూరం నుంచి ఆ వెలుగులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. యుద్ధతంత్రంగా చూస్తే తలాతోకా లేని పని. శత్రువు ఎక్కడున్నాడో తెలియకుండా గుర్రపుదళం మొత్తాన్ని ముందుకు పంపే సేనాపతి ఉండడు. పైగా రాళ్ళు విసిరే యంత్రాలను కాల్బలం కంటే ముందు నిలబెట్టారు. అయినా షాట్‌గా అది అద్భుతం, మా వాళ్ళందరికీ కన్నుకుట్టే షాట్. ఒక్క చావు కూడా చూపించకుండా ఒక సైన్యం అంతమైపోయిందని అర్థమయ్యేలా చెప్పారు. నాకు నచ్చనిది ఆ తర్వాత జరిగింది. నాలుగో ఎపిసోడ్‌లో బల్ల మీద పటం పరిచి, బొమ్మలు జరిపి, డోత్రాకీలు సగం మంది మిగిలారు అన్నట్టు తేల్చేశారు. అంటే ఆ ఆరిపోయిన దీపాలకు విలువ లేకుండా పోయింది. జనం దాన్ని "లాజిక్ లేదు" అన్నారు కానీ, తంత్రం తప్పయినా పోయిన వాళ్ళు పోయినట్టే ఉంచితే ఎవరూ ఇంత గొడవ చేసేవారు కాదని నా అభిప్రాయం.

అపోహ: బురద, రక్తం, బూడిదరంగు ఆకాశం ఉంటే అది రియలిస్టిక్ యుద్ధం.

వాస్తవం: బూడిదరంగు కలర్ గ్రేడింగ్‌లో, అంటే షూటింగ్ అయ్యాక వీడియో రంగులు సరిచేసేటప్పుడు తీసుకున్న నిర్ణయం, అంతే. మధ్యయుగం యూరప్ సైన్యాలు రంగులమయంగా ఉండేవి. డాళ్ళ మీద, జెండాల మీద, గుర్రాల మీద కప్పిన బట్టల మీద ఎర్రలు, నీలాలు, పసుపులు. ముఖం కనిపించని ఇనుప కవచాల మధ్య మనవాడెవడో పగవాడెవడో తెలియాలంటే అవి తప్పవు. ఇప్పుడు అవే రంగులతో తీస్తే "నాటకంలా ఉంది" అంటారు. డ్రాగన్ మంటను ఎంత డిజైన్ చేస్తారో, బురదను కూడా అంతే డిజైన్ చేస్తారు.

అపోహ: "బ్యాటిల్ ఆఫ్ ద బాస్టర్డ్స్" టీవీలో వచ్చిన అత్యంత నిజమైన యుద్ధం.

వాస్తవం: 2016లో వచ్చిన ఈ గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎపిసోడ్‌ను నేను చాలాసార్లు చూశాను, ఇంకా చూస్తాను. కానీ నిజమైన యుద్ధం అనలేను. శవాలు గుట్టపడి కోటగోడంత ఎత్తు లేవడం మామూలుగా జరిగేది కాదు. చివర్లో సాయానికి వచ్చిన అంత పెద్ద గుర్రపుదళం దగ్గరదాకా వచ్చేవరకు రెండు వైపులా ఒక్క వేగు కూడా చూడలేదంటే నమ్మడం కష్టం. హీరో జాన్ స్నో సైన్యాన్ని శత్రువులు చుట్టుముట్టే తంత్రానికి మాత్రం చరిత్రలో ఆధారం ఉంది. క్రీ.పూ. 216లో ఇటలీలోని క్యానీ దగ్గర కార్తేజ్ సేనాపతి హానిబాల్ తనకంటే పెద్దదైన రోమన్ సైన్యాన్ని మూడు వైపులా మూసి, వెనక నుంచి గుర్రపుదళంతో నాలుగో వైపూ మూసేశాడు. దాన్నే చూసి రాసుకున్నామని సిరీస్ వాళ్ళే చెప్పారు.

మరి ఎందుకంత నిజంగా అనిపిస్తుంది? మొదటిది, మైదానం మనకు కంఠతా వస్తుంది. ఒకే పొలం, ఇటు వీళ్ళు, అటు వాళ్ళు. తర్వాత ఒక వైపు శవాల గుట్ట, మిగతా వైపుల డాళ్ళ గోడ. ఏ షాట్‌లో చూసినా జాన్ స్నో ఎక్కడున్నాడో తెలుసు. రెండోది, కెమెరా అతన్ని వదలదు. మూడోదానికి వెనక మన సినిమా వాళ్ళకు బాగా తెలిసిన కథ ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో షూటింగ్, సుమారు 500 మంది జూనియర్ ఆర్టిస్టులు, డెబ్బై గుర్రాల దాకా, చేతిలో 25 రోజులు. వానలు పడి నేల చిత్తడైంది, షెడ్యూల్ వెనకబడింది. రాసుకున్నది రాసుకున్నట్టు తీయడానికి టైం లేదని దర్శకుడు మిగెల్ సపోచ్నిక్ దానికి బదులు వేరే సీన్ అడిగాడు. జాన్ స్నో సొంత సైనికుల కాళ్ళ కింద పడి నలిగి, ఊపిరాడక, పైకి పాక్కుంటూ వచ్చే సీన్ అదే. అందరూ గుర్తుపెట్టుకున్న ఆ రెండు నిమిషాలు కాల్షీట్ల కష్టం నుంచి పుట్టాయి. పైగా ఆ ఎపిసోడ్‌లో చరిత్రకు బాగా దగ్గరగా ఉన్నవీ అవే. 1415లో ఇంగ్లిష్ వాళ్ళతో జరిగిన అజిన్‌కోర్ట్ యుద్ధంలో, ఆ బురదలో ఫ్రెంచి యోధులు కత్తిపోట్లకే కాదు, ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక కూడా చనిపోయారు.

ఆ పెళ్ళి భోజనాల ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చెప్తాను. పరిగెత్తిన గుర్రాలు నిజమైనవే. ఒకదాన్నొకటి గుద్దుకుని కూలిపోయిన గుర్రాలు మాత్రం గ్రాఫిక్స్. మెల్‌బోర్న్‌లోని ఇలూరా అనే స్టూడియో చేసింది.

అపోహ: నాయకుడు చచ్చిపోగానే సైన్యమంతా కుప్పకూలడం ఉత్త సినిమా కల్పన.

వాస్తవం: గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో శవసైన్యాన్ని నడిపే నైట్ కింగ్ పోగానే ఆ సైన్యం రాలిపోవడం మంత్రం, దాన్ని పక్కన పెట్టండి. మనుషుల సైన్యాలు నిజంగానే అలా విరిగిపోతాయి. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు పట్టుబడి, తల నరికి ఈటెకు గుచ్చి చూపించగానే విజయనగర సైన్యం చెల్లాచెదురైంది. పాత యుద్ధాల్లో ఎక్కువ మంది చచ్చేది ఎదురెదురుగా పోరాడేటప్పుడు కాదు, వెన్ను చూపి పారిపోతున్నప్పుడు. టీవీలో చూపించనిది ఆ తరిమి చంపడమే. హీరో వైపు వాళ్ళు పారిపోయేవాళ్ళను వెంటపడి నరుకుతుంటే చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది మరి.

అపోహ: విలుకాళ్ళు వింటిని లాగి, "ఆగండి... ఆగండి..." అన్నంతసేపు పట్టుకుని నిలబడేవారు.

వాస్తవం: 1545లో మునిగిన ఇంగ్లిష్ ఓడ మేరీ రోజ్‌ను 1982లో బయటికి తీశారు. అందులో దొరికిన యుద్ధ విల్లుల్ని లాగాలంటే 45 కిలోల నుంచి 80 కిలోల బలం కావాలని లెక్క తేలింది. అలాంటి దాన్ని చెవిదాకా లాగి, సేనాపతి డైలాగు పూర్తయ్యేదాకా పట్టుకోవడం అసాధ్యం. లాగిన వెంటనే వదలాలి. సెట్లో మనం ఇచ్చే విల్లు తేలిక కాబట్టి జూనియర్ ఆర్టిస్టు ఎంతసేపైనా పట్టుకుంటాడు, దర్శకుడికి టెన్షన్ దొరుకుతుంది. బాణాలకు నిప్పు పెట్టడం కోట ముట్టడుల్లో, గడ్డి కప్పుల మీద పనికొచ్చింది. మైదానంలో మనుషుల మీద వేయడానికి మామూలు బాణమే మేలు. కానీ రాత్రి షాట్‌లో మామూలు బాణం కనిపించదు. అందుకే ప్రతి సిరీస్‌లోనూ నిప్పు బాణాలే.

అపోహ: కత్తికి కత్తి ఖణేల్ ఖణేల్‌మని కొట్టుకోవడమే కత్తియుద్ధం.

వాస్తవం: ఫైట్ మాస్టర్ ఆర్టిస్టులకు కత్తిని కొట్టడమే నేర్పిస్తాడు, మనిషిని కాదు, ఎవరికీ దెబ్బ తగలకూడదని. నిజంగా చంపాలనుకున్నవాడు కవచం లేని చోటు వెతుకుతాడు. 1361లో గోట్లాండ్ దీవిలో విస్బీ దగ్గర చనిపోయినవాళ్ళ సామూహిక సమాధులు తవ్వితే, ఎముకల మీద కోతలు చాలావరకు మోకాళ్ళ కింద కనిపించాయి. తెర మీద కాళ్ళు నరికే హీరోని మీరెప్పుడైనా చూశారా? ఇక కత్తి బరువు. ఒంటిచేత్తో తిప్పే కత్తి కిలో, కిలోన్నర మధ్య ఉండేది, పది కిలోలు కాదు. హెల్మెట్ గురించి వాదన వద్దు. ముఖం కనిపించని హీరోకి ఏ నిర్మాతా డబ్బివ్వడు.

అపోహ: సైన్యాన్నంతా కంప్యూటరే చేసేస్తుంది.

వాస్తవం: లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాల కోసం స్టీఫెన్ రెజెలస్ మాసివ్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. అందులో ప్రతి సైనికుడూ చుట్టూ చూసి తన పని తానే నిర్ణయించుకుంటాడు. మా ఫీల్డులో చేరిన ప్రతివాడికీ దాని గురించి ఒక కథ చెప్తారు. మొదటి టెస్టులో కొందరు డిజిటల్ సైనికులు యుద్ధం చూసి భయపడి పారిపోయారట, అంత తెలివట వాళ్ళకి! అసలు సంగతి వేరు. వాళ్ళు అటు తిరిగి ఉన్నారు, ఎదురుగా శత్రువు కనబడలేదు, వెతుక్కుంటూ నేరుగా పరిగెత్తుతూనే పోయారు. తెలివి ఎక్కువై కాదు, వెనక్కి తిరగాలన్న బుద్ధి ఇంకా పెట్టకపోవడం వల్ల.

మామూలుగా ముందు వరసల్లో నిజమైన మనుషులుంటారు. వాళ్ళనే చోటు మార్చి మళ్ళీ మళ్ళీ తీసి మధ్య వరసలు నింపుతాం, ఆ వెనక అంతా డిజిటల్. మాకు ఎక్కువ టైం పట్టేది కొట్టుకునేవాళ్ళతో కాదు, ఊరికే నిలబడ్డవాళ్ళతో. నిజం మనిషి ఊరికే నిలబడడు. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటాడు, ముక్కు గోక్కుంటాడు, పక్కవాడితో మాట్లాడతాడు. వందమంది ఒకేసారి బరువు మార్చుకున్నారంటే మీ కన్ను పట్టేస్తుంది, ఏం పట్టుకుందో మీకు తెలియకపోయినా సరే. "గ్రాఫిక్స్ తేలిపోయాయి" అని మీరనేది చాలాసార్లు అదే.

అపోహ: ఎంత పెద్దది, ఎంత వేగంగా కదిలితే అంత గొప్ప విజువల్.

వాస్తవం: పెద్దది నెమ్మదిగా కదలాలి. ఏనుగు చీమలా పరిగెడితే బొమ్మలా కనిపిస్తుంది. 2024లో హౌస్ ఆఫ్ ద డ్రాగన్ రెండో సీజన్‌లో రూక్స్ రెస్ట్ యుద్ధంలో వేగార్ అనే ముసలి డ్రాగన్ భయం పుట్టించేది ఆ బరువుతోనే. కెమెరా చాలాసేపు నేలమీద సైనికుల మధ్యే ఉంటుంది. వాళ్ళు తల ఎత్తి చూస్తేనే మనకు దాని సైజు తెలుస్తుంది.

అపోహ: "లాంగ్ నైట్" ఎపిసోడ్ చీకటిగా ఉండటం మన టీవీల తప్పు. లేదా, వాళ్ళకు లైటింగ్ చేతకాలేదు.

వాస్తవం: సగం సగం. పైన చెప్పిన, డోత్రాకీల వెలుగులు ఆరిపోయే ఎపిసోడే ఇది. దీనికి 55 రాత్రులు షూట్ చేశారు. చేతకానివాళ్ళు కాదు. వాళ్ళు చివరగా చూసుకునేది చీకటి గదిలో, రంగులు సరిచేసిన మానిటర్ మీద. మనకు చేరేది స్ట్రీమింగ్‌లో కుదించిన వీడియో. చీకటి, పొగ, మంచు, వేగమైన కదలిక, ఈ నాలుగూ ఒకే ఫ్రేములో ఉంటే కంప్రెషన్ తట్టుకోలేదు. నలుపులో మెట్లు మెట్లుగా చారలు పడతాయి. మన దేశంలో ఇంకా అన్యాయం. అమెరికాతో పాటే చూపించాలని 2019 ఏప్రిల్ 29 సోమవారం పొద్దున్నే ఆరున్నరకు హాట్‌స్టార్‌లో వేశారు. కిటికీలోంచి ఎండ, చేతిలో ఫోను, తెరమీద అర్ధరాత్రి! కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్ తన పనిని సమర్థించుకున్నాడు, ఆ చీకటి కావాలనే పెట్టామన్నాడు. నాకు అతని మీద గౌరవమే. కానీ జనం ఎక్కడ చూస్తారో తెలిసినప్పుడు దానికి తగ్గట్టు గ్రేడ్ చేయడం కూడా మా పనిలో భాగమే. మహాభారతం ద్రోణపర్వంలో రాత్రి యుద్ధానికి రథాల మీద, ఏనుగుల మీద దీపాలు పెట్టించారు, కాల్బలం చేతికి దివిటీలిచ్చారు. వ్యాసుడు ముందే ఆలోచించాడు.

అపోహ: డబ్బు లేకపోతే యుద్ధం తీయకూడదు.

వాస్తవం: గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి సీజన్‌లో, 2011లో, ఒక పెద్ద యుద్ధానికి ముందు టిరియన్ అనే ముఖ్యపాత్ర తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పుతాడు. లేచేసరికి యుద్ధం అయిపోయి ఉంటుంది. డబ్బుల్లేక చేసిన పని అది, దానికి ఎవరూ సిరీస్ మానేయలేదు. మరుసటి ఏడాది ఒకే యుద్ధం కోసం అదనంగా డబ్బు అడిగి తెచ్చుకుని "బ్లాక్‌వాటర్" ఎపిసోడ్ తీశారు.

అపోహ: మంటలన్నీ గ్రాఫిక్సే.

వాస్తవం: గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఏడో సీజన్‌లో డ్రాగన్ ధాన్యం బళ్ళ మీద దాడి చేసే యుద్ధం స్పెయిన్‌లో తీశారు. డ్రాగన్ మాత్రం పూర్తిగా కంప్యూటర్‌లో పుట్టింది. కానీ ఆ యుద్ధంలో ఒకేసారి 20 మంది స్టంట్ ఆర్టిస్టులకు నిజంగా నిప్పంటించారు. ఒంటికి చల్లటి జెల్ రాసి, మంట తట్టుకునే బట్టలు లోపల వేస్తారు. అయినా మంట ఉన్నంతసేపు ఊపిరి పీల్చకూడదు, పీలిస్తే వేడి గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి ఆ షాట్ ఎంతసేపు ఉండాలో నిర్ణయించేది దర్శకుడు కాదు, ఆ మనిషి ఊపిరి. నిప్పు ఆర్పేవాళ్ళు ఫ్రేముకి అవతలే సిద్ధంగా ఉంటారు. అంతకంటే ఎక్కువసేపు కాలే మనిషి కావాలంటే అప్పుడు మా దగ్గరికి పంపిస్తారు.