డెలావేర్‌లో కొంటే ట్యాక్స్ ఉండదా? న్యూజెర్సీ సేల్స్ ట్యాక్స్: అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్ల ట్యాక్స్ రిటర్నులు చేస్తుంటాను. ఏటా సీజన్ మొదలవగానే ఎవరో ఒకరు ఈ మాట అనాల్సిందే: "అది డెలావేర్‌లో కొన్నానండీ, దానికి ట్యాక్స్ లేదు."

అపోహ: డెలావేర్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడ కొన్నదానికి ఎక్కడా కట్టక్కర్లేదు.

వాస్తవం: అక్కడ లేదన్నది నిజమే. ఎక్కడా కట్టక్కర్లేదన్నదే అబద్ధం. మీరు ఉండేది న్యూజెర్సీలో, వాడేదీ ఇక్కడే అయితే, అక్కడ తప్పిన 6.625 శాతం ఇక్కడ యూజ్ ట్యాక్స్ పేరుతో కట్టాలి. పెన్సిల్వేనియాలో 6 శాతం కట్టి తెచ్చుకుంటే మిగిలిన 0.625 కడితే చాలు.

లాప్‌టాప్ అయితే ఎవరూ అడగరని ఊరుకుంటారు. కారు దగ్గర ఆ ఆట సాగదు. టైటిల్ (యాజమాన్య పత్రం) కోసం ఎంవీసీకి, అంటే ఇక్కడి మోటార్ వెహికల్ కమిషన్ ఆఫీసుకు వెళ్లాలి, కొన్న కాగితం చూడనిదే అక్కడ పని జరగదు. ఆ మధ్య మావైపు కుర్రాడొకడు డెలావేర్‌లో 36,000 డాలర్లకు కారు కొన్నాడు. ఎంవీసీ కౌంటర్ దగ్గర నుంచే ఫోన్ చేశాడు: "అన్నా, 2,385 డాలర్లు కట్టమంటున్నారు. డీలర్ మోసం చేశాడా?" డీలర్ తప్పేమీ లేదు. కొత్త ఉద్యోగం, ఉన్నదంతా డౌన్‌పేమెంట్‌కు పెట్టేశాడు. ఓవైపు టెంపరరీ ట్యాగ్ (తాత్కాలిక నంబర్ ప్లేటు) గడువు దగ్గరపడుతోంది. చివరికి రూమ్మేట్లు తలా కొంత సర్దారు. వాట్సాప్ గ్రూపులో "డెలావేర్ వెళ్లు, ట్యాక్స్ మిగులుతుంది" అని ఉచిత సలహా ఇచ్చిన పెద్దమనుషులు మాత్రం పత్తా లేరు.

ఫోన్లు, టీవీల సంగతికొస్తే, ఎన్‌జే-1040లో, అంటే న్యూజెర్సీ ఆదాయపు పన్ను రిటర్న్‌లో, యూజ్ ట్యాక్స్‌కు ఒక లైనే ఉంది. ఒక్కొక్కటి 1,000 డాలర్ల లోపు వస్తువులైతే, రసీదులు లేకపోయినా మీ ఆదాయాన్ని బట్టి అంచనా పట్టికలోని మొత్తం వేసుకోవచ్చు. 1,000, ఆపైన అయితే దేనికదే లెక్క కట్టాలి. ఇది చదివి పాత కొనుగోళ్లు గుర్తొచ్చి టెన్షన్ పడుతున్నారా? రిటర్న్ సవరించి కట్టే దారి ఉంది, కంగారు వద్దు. టెక్సస్‌లోనో మరోచోటో కాపురం ఉన్నప్పుడు కొనుక్కున్న సొంత కారుతో ఇక్కడికి మారినవాళ్లకు అసలు ఈ బెడదే లేదు. అక్కడి కాగితాలు మాత్రం పారేయకండి.

"ఎలక్ట్రిక్ కారుకు సేల్స్ ట్యాక్స్ లేదట." ఒకప్పుడు లేదు. 2024 అక్టోబర్ నుంచి సగం, 2025 జులై 1 నుంచి మొత్తం 6.625 శాతం. ఆన్‌లైన్‌లో కొంటే పడదన్నది ఇంకా పాత మాట, 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతోనే దానికి కాలం చెల్లింది.

"క్యాష్ ఇస్తే నగకు ట్యాక్స్ వేయరు." వేయరు కాదు, ఎగ్గొడతారు. బిల్లు లేని హారం రేపు పోతే ఇన్సూరెన్స్‌వాళ్లకు ఏం చూపిస్తారు? నగలకు ట్యాక్స్ ఉంది, చీరకు లేదు. ఇక్కడ మామూలు బట్టలకు మినహాయింపు, హ్యాండ్‌బ్యాగుకు లేదు.

కిరాణాలో అన్నిటికీ ట్యాక్స్ పడుతుందని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. బియ్యం, పప్పు, కూరగాయలు, పాలకు పడదు. థమ్సప్‌కు, చాక్లెట్లకు పడుతుంది. ఫ్రోజెన్ సమోసా ప్యాకెట్‌కు లేదు, అదే షాపులో వేడివేడిగా చేతికిచ్చే సమోసాకు ఉంది. టైలెనాల్ లాంటి నొప్పి మాత్రలకు ప్రిస్క్రిప్షన్ లేకపోయినా ట్యాక్స్ లేదు.

ఇక విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల షాపింగ్ బిల్లులు దాచిపెట్టి, వెళ్లేటప్పుడు ట్యాక్స్ రీఫండ్ తీసుకోవచ్చా అని అడిగేవాళ్లు. అది యూరప్ పద్ధతి. అమెరికాలో దేశం మొత్తానికి సేల్స్ ట్యాక్స్ అంటూ లేదు, కస్టమ్స్ తిరిగిచ్చేదీ లేదు. న్యూజెర్సీ కూడా ఇవ్వదు. నెవార్క్ ఎయిర్‌పోర్టులో ఆ కౌంటర్ వెతకడం మాని సూట్‌కేసుల బరువు చూసుకోండి.