గచన్, పరిన్, పొకిత్: జపనీస్‌లో పగిలే, విరిగే చప్పుళ్లపై అపోహలు - వాస్తవాలు

ఫ్యాక్టరీల్లో జపనీస్ ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తాను, తీరిక ఉన్నప్పుడు భాష నేర్పుతాను. కంజి (చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు) అనగానే బెదిరిపోయే విద్యార్థులు కూడా ఈ చప్పుళ్ల మాటలు వచ్చేసరికి తేలిగ్గా తీసుకుంటారు. పనిలో నిజంగా టెన్షన్ పెట్టేవి ఇవే. అందులోనూ పగలడం, విరగడం, కూలడం గురించినవి మరీను.

అపోహ: ఇవి పిల్లల మాటలు, మాంగా (జపనీస్ కామిక్స్) కోసం పుట్టాయి

712లో పూర్తయిన జపాన్ పురాణ గాథల గ్రంథం ‘కొజికి’లోనే ఇవి ఉన్నాయి. ఇజనాగి, ఇజనామి దేవతలు ఈటెతో సముద్రాన్ని చిలికితే ‘కొవొరొ కొవొరొ’ అని చప్పుడైందట. కమకురా షోగున్ (సైనిక పాలకుడు) సనెతొమొ 13వ శతాబ్దం మొదట్లో రాసిన పద్యంలో, రాతి ఒడ్డు ‘తొదొరొ’ అని దద్దరిల్లేలా అలలు వచ్చి పడతాయి. పగిలి, నలిగి, చీలి, చెదిరిపోతాయి.

పెద్దవాళ్ల ప్రపంచంలో ఇవి ఎక్కడ కనబడతాయో చూడండి. ఏదైనా వస్తువు మాన్యువల్ తెరిస్తే, ‘కచిత్’ అని చప్పుడయ్యే దాకా ప్లగ్ లోపలికి నెట్టండి అని ఉంటుంది. పేలుడు వార్తల్లో ప్రత్యక్ష సాక్షులు ‘దోన్’ అని పెద్ద శబ్దం వినబడిందంటారు. ఉన్నట్టుండి నడుము పట్టేస్తే దాని పేరే ‘గిక్కురి గొషి’. మెషీన్‌లో ఏ భాగమైనా వదులై కదులుతుంటే ఇంజినీరు ‘గత’ ఉందంటాడు. వదులైనది కదిలే చప్పుడు ‘గతగత’లో సగం అది. ఇవి రాకపోతే శ్రీసిటీ లాంటి చోట జపాన్ కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా ఒక పూట గడవదు.

అపోహ: ‘గచన్’ అంటే ఏదో పగిలినట్టే

కాదు. కప్పులు ఒకదానికొకటి గట్టిగా తగిలినా గచన్, కోపంగా ఫోన్ పెట్టేసినా గచన్. సైకిల్ పక్కకి పడిపోతే ‘గషన్’, కిటికీ అద్దం బద్దలైనా ‘గషన్’. ‘పరిన్’ అన్నారంటే మాత్రం పలచటి గాజో, పింగాణీయో దాదాపు పగిలిపోయినట్టే.

చిక్కెక్కడంటే, జపనీయులు మాటల్లో చాలాసార్లు క్రియను మింగేస్తారు. “ర్యాక్ మీద నుంచి గషన్ అని...” అని ఆపేస్తారు. దాన్ని మనం “పగిలింది” అని చెప్పేస్తే అవతల నష్టం లెక్కలు మొదలైపోతాయి. పడిందా, పగిలిందా అని అడగాలి. ఇంటర్‌ప్రెటర్ ఇలా అడ్డుపడి అడిగితే చిన్నతనం అనుకునేవాళ్లున్నారు. నా దృష్టిలో అడక్కపోవడమే తప్పు.

అపోహ: ఇంగ్లిష్ అర్థాలతో నేర్చుకుంటే సులువు

దీనితో నాకు పెద్ద పేచీ. ఇంగ్లిష్‌లో గాజైనా, కర్రైనా, మిషనైనా ‘బ్రేక్’ అంటే సరిపోతుంది. మనం గాజు పగిలింది, కర్ర విరిగింది, చొక్కా చిరిగింది, దారం తెగింది, ఫ్యాన్ పాడైంది అంటాం. జపనీస్ కూడా సరిగ్గా ఇలాగే విడదీస్తుంది: వరెరు, ఒరెరు, యబురెరు, కిరెరు, కొవరెరు. చప్పుళ్లు ఈ క్రియల వెంటే నడుస్తాయి. పరిన్ అని వరెరు, పొకిత్ అని ఒరెరు, బిరిబిరి అని యబురెరు. దారం తెగితే ‘పుత్సున్’. మన పుటుక్కున తెగడం గుర్తొస్తే మీరు దారిలో ఉన్నట్టే. ఇంట్లో ఉన్న ఈ సౌకర్యాన్ని పక్కనపెట్టి, ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తామెందుకో!

వ్యాకరణమూ అంతే. ‘గచన్’ తర్వాత వచ్చే ‘తొ’, “అని అన్నాడు” చెప్పడానికి వాడే ‘తొ’ ఒకటే. ఢాం అని, ఢామ్మని పేలింది అనే మనకి దీన్ని ప్రత్యేకంగా వివరించాల్సిన పని లేదు.

అపోహ: పరిన్, బరిన్ లాంటి జంటల్లో ఏది వాడినా ఒకటే

ప స్థానంలో బ, క స్థానంలో గ, త స్థానంలో ద వచ్చిందంటే వస్తువు బరువెక్కింది, మందమెక్కింది, లేదా దెబ్బ గట్టిది. సన్న పుల్ల పొకిత్, లావు కొమ్మ బొకిత్. 1966లో వచ్చిన పోకీ బిస్కట్ పుల్లకి ఆ పేరు విరిచినప్పటి ‘పొక్కిన్’ చప్పుడు నుంచే వచ్చింది. బొక్కీ అని పెట్టి ఉంటే ఎవరూ కొనేవారు కాదేమో. తలుపు తడితే తొన్‌తొన్, బాదితే దొన్‌దొన్. చినుకులు టపటప రాలతాయి, తలుపు దబదబ బాదుతాం. చెవికి కొత్తేమీ కాదు.

చివరి అక్షరాన్నీ వినాలి. చిన్న ‘త్సు’తో (ఇక్కడ చివర ‘త్’ అని రాస్తున్నది అదే) ముగిస్తే చప్పుడు టక్కున ఆగింది, ‘న్’తో ముగిస్తే మోగి ఆగింది, రెండుసార్లు పలికితే సాగుతూనే ఉంది. చెక్క ‘బకిత్’ అంటే ఒక్క దెబ్బకి విరిగింది, ‘బకిబకి’ అంటే వరసగా విరుగుతోంది.

అపోహ: చప్పుడు ఉంటేనే ఈ మాటలు వాడతారు

ఫోన్ తెర బకిబకి అంటే, అంతా పగుళ్లతో నిండి ఉందని. పగిలి నెల దాటినా బకిబకీయే. ‘బొరొబొరొ’ అంటే చివికి చినిగి ఉన్నది, ‘పెషంకొ’ అంటే అప్పడంలా అణిగిపోయింది. చప్పుడు చెప్పేవి గిఒంగొ, స్థితి చెప్పేవి గితైగొ.

ఒకే మాట రెండు పనులూ చేస్తే తేడా ఉచ్చారణలో తెలుస్తుంది. వడగళ్లు ‘బరబర తొ’ పడ్డాయంటే మొదటి అక్షరం మీద స్వరం లేస్తుంది. మెషీన్‌ని ‘బరబర ని’ విప్పారు, అంటే భాగాలన్నీ విడదీశారంటే మాట సమంగా సాగుతుంది. ‘గరగర’ కూడా ఇంతే: గోడ కూలే చప్పుడుకి ఒక రకం, ఖాళీగా ఉన్న రైలుకి ఇంకో రకం. క్వాలిటీ మీటింగుల్లో కొలతలు ఒకేలా రాకపోతే ‘బరత్సుకి’ అంటారు. అందులోనూ ఉన్నది ఆ చెల్లాచెదురైన ‘బర’యే.

అపోహ: జంటగా ఉన్న మాటలన్నీ చప్పుళ్లే

‘కొనగొన’ అంటే తునాతునకలు. వినడానికి చప్పుడులా ఉన్నా, అది ‘కొన’, అంటే పిండి అనే మాటని రెండుసార్లు చెప్పడమే. అందుకే దీన్ని కంజిలోనూ రాస్తారు.